"మనకెందుకు బిడ్డా సదువులు?": న్యాల్‌కల్ నుంచి ఒక చరిత్ర లెక్క

ఈ ఎపిసోడ్‌లో మనం ఒక మాట గురించి మాట్లాడుకుందాం. మీలో చాలామంది ఆ మాట వినే పెరిగి ఉంటారు. "మనసొంటోళ్లకు సదువులు ఎందుకు బిడ్డా? సదివినోళ్లు ఏం ఏలుతున్నరు?" తాత అని ఉండొచ్చు, మేనమామ అని ఉండొచ్చు, కూలికి పోయి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అమ్మే అని ఉండొచ్చు.

ఈ మాట విన్నప్పుడు కాస్త చదువుకున్నవాళ్లు ఏమంటారు? "పేదోళ్లకు చదువు విలువ తెలియదు. అందుకే వాళ్లు పేదోళ్లుగానే ఉండిపోతున్నారు" అంటారు. ఆఫీసుల్లో అంటారు, టీవీ చర్చల్లో అంటారు, బడిలో సార్లు కూడా ఒక్కోసారి అంటారు. అంటే తప్పంతా ఆ తల్లిదండ్రుల బుర్రలో ఉందన్నమాట.

నేను ఇవాళ దీన్ని తిరగేసి చూపించాలనుకుంటున్నాను. ఆ మాట వెనక ఒక లెక్క ఉంది. కళ్ల ముందు నూరేళ్లుగా ఏం జరిగిందో చూసి కట్టిన లెక్క. ఆ లెక్క ఎట్లా పుట్టిందో అర్థం కావాలంటే ఒక ఊరు పట్టుకుని చూడాలి. మనం పట్టుకునే ఊరు న్యాల్‌కల్.

న్యాల్‌కల్ ఎక్కడుంది? సంగారెడ్డి జిల్లా, జహీరాబాద్ ప్రాంతం. తెలంగాణకు పడమటి అంచు. మండలం దాటితే కర్ణాటక, బీదర్ జిల్లా. ఒక పక్క మంజీర నది. నల్లరేగడి, ఎర్రనేల, జొన్న, కంది, చెరకు. సంతలో నిలబడి చెవి పెడితే తెలుగు, కన్నడ, ఉర్దూ, అక్కడక్కడ మరాఠీ కూడా వినిపిస్తాయి. ఒకే మనిషి కూరగాయల బేరం ఒక భాషలో, ఇంట్లో గొడవ ఇంకో భాషలో నడిపిస్తాడు.

ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం చెప్తాను. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం వచ్చింది కదా. హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి ఆంధ్రప్రదేశ్‌కు, మైసూరుకు, బొంబాయికి పంచిన చట్టం. ఏ జిల్లా ఎటు పోవాలో అందులో వరసగా రాశారు. ఆ వరసలో న్యాల్‌కల్ పేరు ఉంది! బీదర్ జిల్లాలోని జహీరాబాద్ తాలూకా, అందులో నిర్ణా సర్కిల్ మినహా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణ్‌ఖేడ్ తాలూకా. ఇవి ఆంధ్రప్రదేశ్‌కు అని రాశారు. అంటే 1956 అక్టోబర్ 31 దాకా న్యాల్‌కల్ వాళ్లు బీదర్ తాలూకా వాళ్లే. తెల్లారేసరికి రాష్ట్రం వేరు, జిల్లా వేరు. బీదర్ కోట ఉన్న చోటే ఉంది, వీళ్ల పొలాలు ఉన్న చోటే ఉన్నాయి. కచేరీ మాత్రం మారిపోయింది.

"దీనికీ చదువుకూ ఏం సంబంధం?" అంటారా? చాలా ఉంది. ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం.

నిజాం కాలంలో ఈ ప్రాంతపు కచేరీ భాష ఏది? 1880ల దాకా పారసీ. ఆ తర్వాత ఉర్దూ. హైదరాబాద్ రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగు మాట్లాడేవాళ్లు. నాలుగో వంతు మంది మరాఠీ, పదో వంతుకు అటూ ఇటూగా కన్నడ, ఇంకో పదో వంతు ఉర్దూ. ఉద్యోగం కావాలంటే మాత్రం ఆ పదో వంతు మంది భాష రావాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది. ఇంగ్లిష్‌లో కాకుండా ఒక భారతీయ భాషలో యూనివర్సిటీ చదువు చెప్పడం ఆ రోజుల్లో గొప్ప ప్రయోగం. నేను దాన్ని తక్కువ చేయను. కానీ ఆ భారతీయ భాష ఉర్దూ. న్యాల్‌కల్‌లో జొన్న కోసే కూలి పిల్లాడికి అది ఇంగ్లిష్ అంత దూరం కాకపోయినా, కాగితం మీదికి వచ్చేసరికి పరాయి భాషే.

పైగా పేదవాడికి అక్షరం ఎక్కడ ఎదురైంది? బడిలో ఎదురు కాలేదు. పట్వారీ దస్త్రంలో ఎదురైంది. ఊళ్లో మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీ. భూమి ఎవరి పేరు మీద ఉందో రాసేది పట్వారీ. అప్పు పత్రం రాసేది షావుకారి గుమాస్తా. అవతల ఏం రాసుందో తెలియకుండా ఇవతల వేలిముద్ర వేసేది వీళ్లు. ఆ వేలిముద్రతో పొలం పోయినవాళ్లు ఎంతమందో తెలంగాణలో ఏ ఊళ్లో అడిగినా చెప్తారు. అంటే పేదవాడికి చదువు శక్తి ఏమిటో తెలియదనుకోవడం తప్పు. అందరికంటే బాగా తెలిసింది వాళ్లకే, ఆ దెబ్బ తగిలింది వాళ్లకే కాబట్టి. కాకపోతే వాళ్ల అనుభవంలో చదువు అనేది వేరేవాళ్ల చేతిలోని ఆయుధం. ఆ పటేల్, పట్వారీ వ్యవస్థ తీసేసింది 1980లలో, ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చాక. మీ అమ్మానాన్నలు చిన్నపిల్లలుగా ఉన్నప్పుడన్నమాట. అంత దగ్గరి చరిత్ర ఇది.

మరి ఆ కాలంలో బడులు కావాలని ఎవరూ అడగలేదా? అడిగారు, గట్టిగానే అడిగారు. ఇదే జిల్లాలో జోగిపేట ఉంది. 1930లో అక్కడ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగింది. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. మాతృభాషలో చదువు కావాలన్నది ఆ ఉద్యమం మొదటి నుంచీ పట్టుకున్న విషయం. ఎందుకు అడగాల్సి వచ్చింది? ఎందుకంటే 1920లలో ప్రభుత్వం ఖాన్గీ బడుల మీద, అంటే జనం సొంతంగా నడుపుకునే బడుల మీద నిబంధనలు పెట్టింది. పర్మిషన్ లేకుండా బడి పెట్టకూడదు. దాంతో చాలా వీధి బడులు మూతపడ్డాయి. సర్కారు బడి లేదు, సొంతంగా పెట్టుకుంటే నేరం. ఇట్లాంటి చోట ఒక తరం పిల్లలు చదువుకోకుండా పెరిగితే, "వాళ్లకు చదువంటే ఇష్టం లేదు" అని మనం ఎట్లా అంటాం?

ఇంకొక ఉదాహరణ. భాగ్యరెడ్డి వర్మ. హైదరాబాద్‌లో మాల కుటుంబంలో పుట్టిన మనిషి. దళిత పిల్లలను బడిలోకి రానివ్వని రోజుల్లో, 1910లో ఇసామియా బజార్‌లో బడి మొదలుపెట్టాడు. తెలుగులో చదువు చెప్పే బడి. ఆ తర్వాత ఇరవైకి పైగా బడులు అయ్యాయి, వేల మంది పిల్లలు వచ్చారు. ఆ పిల్లలను పంపింది ఎవరు? ఊడ్చే పని, మోసే పని, ఇళ్లలో నౌకరీ చేసుకునే తల్లిదండ్రులు. "మాకు సదువు ఎందుకు" అనే మాట వాళ్ల నోట్లో కూడా ఉండే ఉంటుంది. కానీ తమ పిల్లల్ని లోపల కూచోబెట్టుకునే బడి ఎదురుగా కనిపించగానే పంపారు. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనికి వద్దాం.

ఇప్పుడు 1948. సెప్టెంబర్‌లో పోలీస్ చర్య. హైదరాబాద్ ఇండియాలో కలిసింది. అప్పటిదాకా కష్టపడి ఉర్దూ నేర్చుకుని చిన్నాచితకా నౌకరీలో కుదిరిన కుటుంబాలు ఉన్నాయి కదా, ముస్లింలూ హిందువులూ కూడా. వాళ్ల చదువుకు ఉన్నట్టుండి విలువ పడిపోయింది. ఉస్మానియా కూడా ఉర్దూ వదిలి ఇంగ్లిష్‌కు మారింది. ముస్లింల సంగతి ఇంకా ఘోరం. ఆ రోజుల హింస మీద ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ, బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్ పేరు కూడా రాసింది. న్యాల్‌కల్ అప్పుడు బీదర్‌లోనే ఉందని చెప్పుకున్నాం కదా. ప్రాణాలు, ఇళ్లు పోయిన చోట నౌకరీ గురించి ఎవరు మాట్లాడతారు?

తర్వాత 1956. కచేరీ భాష తెలుగువైపు కదిలింది. 1966లో అధికార భాషా చట్టం వచ్చింది. కానీ అప్పటికే పెద్ద ఉద్యోగాల మెట్టు ఇంగ్లిష్ అయిపోయింది. లెక్కపెట్టండి. పారసీ, ఉర్దూ, తెలుగు, ఇంగ్లిష్. ఎనభై ఏళ్లలో నిచ్చెన నాలుగు గోడలకు మారింది. ఒక తరం ఒక గోడ దగ్గరికి నడిచి చేరేసరికి నిచ్చెన ఇంకో గోడకు పోయింది. డబ్బున్నవాడు హైదరాబాద్‌లో ఇల్లు తీసుకుని కొడుకును ఆ కొత్త గోడ దగ్గరికి పంపుకుంటాడు. లేనివాడు నిలబడి చూస్తాడు. చూసి ఇంటికి వచ్చి పిల్లలకు ఒక మాట చెప్తాడు. ఆ మాటే మనం మొదట్లో విన్నది.

సరిహద్దు కథ కూడా అక్కడితో అయిపోలేదు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. ఉద్యోగాల్లో "లోకల్" ఎవరు అనేది ప్రధానంగా ఎక్కడ చదివావన్న దాన్ని బట్టి తేలుస్తారు. వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివావు అనేది లెక్క. 2018లో కొత్త ఉత్తర్వులు వచ్చాయి, ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కువ ఏళ్లు ఎక్కడ చదివావు అని చూస్తారు. సరే, మంచి ఉద్దేశమే. ఎక్కడివాళ్ల ఉద్యోగాలు అక్కడివాళ్లకు దక్కాలని 1952లో ముల్కీ ఉద్యమం, 1969లో తెలంగాణ ఉద్యమం చేసింది అందుకే కదా. కానీ న్యాల్‌కల్ లాంటి అంచు ఊరి పిల్లాడిని ఊహించుకోండి. తాత ముత్తాతలకు పట్నం అంటే బీదర్. అక్కడ బంధువుల ఇంట్లో ఉండి చదివాడనుకోండి. ఊరు ఇక్కడిదే, పొలం ఇక్కడిదే, రేషన్ కార్డు ఇక్కడిదే. బోనఫైడ్ సర్టిఫికెట్లు చూపించమన్నప్పుడు మాత్రం వాడు బయటివాడు అయ్యే ప్రమాదం ఉంది. ఈ రూల్ ఆ తల్లిదండ్రులకు బడిలో వేసే రోజు ఎవరు చెప్తారు? ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టే రోజు తెలుస్తుంది. ఇట్లాంటివి ఒకటి రెండు జరిగితే చాలు, చుట్టుపక్కల పది ఊళ్లకు పాకుతుంది. "సదివిండు, ఏమొచ్చింది?" అని.

ఇప్పుడు ఆ తండ్రి లెక్కనే కాస్త దగ్గరగా చూద్దాం. 1970లో అనుకుందాం. పేరు పెట్టను, ఏ ఊళ్లోనైనా ఉండే మనిషి. ఎకరం రెండెకరాల చెలక, ఇద్దరు కొడుకులు, ఒక బిడ్డ. పెద్దోడు పసులు కాయడానికి పెద్ద రైతు దగ్గర జీతం ఉంటే ఏడాదికి ఇన్ని జొన్నలు, ఇన్ని పైసలు. అవి ఇవాళ కనిపించేవి. చిన్నోడిని బడికి పంపితే ఆ జీతం పోతుంది, బట్ట, పలక, పుస్తకం ఖర్చు పైన. పదేళ్లు చదివితే ఏమొస్తుంది? తమ కులంలో, తమ వాడలో, పది చదివి నౌకరీ తెచ్చుకున్నవాడు కళ్ల ముందు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. ఫెయిలై తిరిగొచ్చి, అటు నాగలి పట్టలేక ఇటు నౌకరీ దొరక్క కూర్చున్నవాడు? ఉన్నాడు.

రైతుకు విత్తనం లెక్క తెలుసు. ఏ చేనులో ఎన్నడూ పంట రాలేదో ఆ చేనులో ఇంట్లో ఉన్న ఆఖరి శేరు విత్తనం చల్లడు. దాన్ని మనం తెలివితక్కువ అనం, జాగ్రత్త అంటాం. చదువు దగ్గరికి వచ్చేసరికి అదే జాగ్రత్తకు "అజ్ఞానం" అని పేరు పెట్టేశాం.

ఇది న్యాల్‌కల్ ఒక్కదాని కథ అనుకోకండి. ప్రపంచంలో చాలాచోట్ల దీన్ని పరీక్ష చేసి చూశారు. రాబర్ట్ జెన్సన్ అని ఒక ఆర్థికవేత్త. కరీబియన్ సముద్రంలో డొమినికన్ రిపబ్లిక్ అనే దేశంలో ఎనిమిదో తరగతి మగపిల్లలను అడిగాడు, హైస్కూల్ పూర్తి చేస్తే ఎంత సంపాదిస్తారని మీ అంచనా అని. నిజంగా వచ్చేదానికంటే చాలా తక్కువ చెప్పారు పిల్లలు. ఎందుకంటే వాళ్ల వాడలో హైస్కూల్ చదివి బాగా సంపాదించేవాళ్లు లేరు. సంపాదించేవాళ్లు వాడ వదిలి వెళ్లిపోయి ఉంటారు కదా. అప్పుడు కొన్ని బడుల్లో పిల్లలకు అసలు లెక్క చెప్పారు. ఆ మాట ఒక్కటి విన్నందుకే ఆ పిల్లలు మిగతావాళ్లకంటే కాస్త ఎక్కువ కాలం బడిలో ఉన్నారు. కానీ ఇంకో విషయం కూడా తేలింది. అందరికంటే పేద పిల్లల్లో నమ్మకం మారినా చదువు పెద్దగా పెరగలేదు. ఎందుకు? నమ్మకం మారింది కానీ ఫీజూ తిండీ మారలేదు కాబట్టి.

ఆయనే మన దేశంలో ఇంకోటి చేశాడు. ఢిల్లీ చుట్టుపక్కల రాష్ట్రాల్లో 160 ఊళ్లు తీసుకుని, అందులో సగం ఊళ్లకు మూడేళ్ల పాటు ఉద్యోగాలు ఇప్పించేవాళ్లను పంపించారు. కాల్ సెంటర్ లాంటి ఉద్యోగాలు, అవి కూడా ఆడపిల్లల కోసం. ఊరికి వచ్చి, ఏం చదవాలి, ఎట్లా అప్లై చేయాలి అని చెప్పి, సాయం చేశారు. ఏమైందో తెలుసా? వయసొచ్చిన అమ్మాయిల పెళ్లిళ్లు కాస్త వెనక్కి జరిగాయి. ఇంకా ఉద్యోగ వయసు రాని చిన్న ఆడపిల్లలు బడికి వెళ్లడం పెరిగింది, వాళ్ల ఒంటి బరువు కూడా మెరుగైంది. అంటే ఇంట్లో ఆడపిల్లకు పెట్టే తిండి కూడా మారింది. ఆ తల్లిదండ్రులకు ఎవరూ "చదువు గొప్పది" అని ఉపన్యాసం చెప్పలేదు. తలుపు తెరిచి చూపించారు, అంతే.

ఇప్పుడు మన దగ్గరికి మళ్లీ వద్దాం. భాగ్యరెడ్డి వర్మ బడుల సంగతి గుర్తుంది కదా. అదే విషయం 1990లలో ఇంకోసారి రుజువైంది. పక్కనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్. శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి బాల కార్మికులను పనిలోంచి తీసి బడిలో వేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా పెద్ద పెద్దవాళ్లు అనేదేంటి? "పేదరికం పోతేగానీ పిల్లలు బడికి రారు" అని. వీళ్లు ఊరూరా తిరిగి చెప్పిందేంటంటే, పేద తల్లిదండ్రులు పిల్లల్ని చదివించాలనే అనుకుంటున్నారు, బడే వాళ్లను లోపలికి రానివ్వడం లేదు అని. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది. అందుకే ముందు క్యాంపుల్లో పెట్టి, వయసుకు తగ్గ తరగతికి తయారు చేసి పంపారు. వేల మంది వచ్చారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది ఈ పనికే.

గురుకులాలు కూడా అంతే. 1971లో నల్లగొండ జిల్లా సర్వేల్‌లో, పి.వి. నరసింహారావు హయాంలో మొదలైన ఆలోచన. తిండి, పడక, చదువు ఒకే చోట. తర్వాత సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ అక్కడి పిల్లే. నిజామాబాద్ జిల్లా పాకాల, వ్యవసాయ కూలీల ఇల్లు, వయసు ఇంకా పద్నాలుగు నిండలేదు. ఆ తర్వాత ఎన్ని తండాల్లో తల్లిదండ్రులు గురుకుల ఎంట్రన్స్ ఫారాల కోసం క్యూ కట్టారో మీరు చూసే ఉంటారు. వాళ్లకు ఎవరో చదువు విలువ నేర్పారా? తమలాంటి ఇంటి పిల్ల పైకి ఎక్కడం చూశారు.

ఇంకొక ఉదాహరణ న్యాల్‌కల్ పక్క మండలంలోనే ఉంది, ఝరాసంగం మండలం మాచునూరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేసే ప్రాంతం ఇది. ఇక్కడి దళిత మహిళా రైతులు, చాలామంది బడి గడప తొక్కనివాళ్లు, వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. 2008లో సంఘం రేడియో మొదలుపెట్టి తమ భాషలో, తమ పంటల గురించి, తమ పాటలతో నడిపారు. ఆలోచించండి. ట్రైపాడ్, ఎడిటింగ్, రికార్డింగ్, మైక్. "వీళ్లకు నేర్చుకోవడం మీద ఆసక్తి లేదు" అని పేరు పడ్డ మనుషులే ఇవన్నీ నేర్చారు. ఎందుకు నేర్చారు? నేర్చింది ఆ సాయంత్రమే పనికొచ్చింది, గౌరవం తెచ్చింది, అదీ తమ ఊళ్లోనే. నేర్చుకోవడం వేరు, సర్టిఫికెట్ వేరు అని వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

సరే, ఇంతసేపు ఆ తల్లిదండ్రుల వైపు నిలబడి మాట్లాడాను. ఇప్పుడు అవతలి వైపు కూడా చెప్పాలి. లేకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ని అవుతాను. ఆ లెక్క పుట్టినప్పుడు సరైనదే. కానీ లెక్కకు కాళ్లుండవు. కాలం కదిలినా అది ఉన్న చోటే కూర్చుంటుంది. తాత కాలంలో తలుపు మూసి ఉందన్నది నిజం. మనవరాలి కాలంలో తలుపు సగం తెరుచుకుంది. తాత మాట మాత్రం అదే. ఇక్కడ నష్టపోయేది ఎక్కువగా ఆడపిల్లలు. అన్నకు ప్రైవేటు బడి, చెల్లెకు సర్కారు బడి, అదీ పది దాకా. "పెండ్లయి పోయేదానికి ఎందుకు?" అనే లెక్క అదే పాత లెక్కకు చెల్లెలు. 2011 జనాభా లెక్కల్లో అప్పటి మెదక్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు నూటికి 61 మందే, ఆడవాళ్లలో ఇంకా తక్కువ. నమ్మకం ఒకప్పుడు గోడను చూసి పుట్టింది. తర్వాత అదే ఇంకో గోడ అయింది.

ఇక మీ తరం సంగతి. మీ దగ్గరికి వచ్చేసరికి కథ మలుపు తిరిగింది. ఇప్పుడు పేద ఇళ్లలో చదువు మీద నమ్మకం లేదని ఎవరూ అనలేరు. అప్పు చేసి ఇంగ్లిష్ మీడియంలో వేస్తున్నారు, పుస్తెలు తాకట్టు పెట్టి ఫీజు కడుతున్నారు. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక కూలీల పిల్లలు కూడా బీటెక్ చేశారు. మొదటిసారి ఆ ఇంట్లో ఇంజినీర్! ఎంత సంబరం. కానీ పుట్టగొడుగుల్లా వచ్చిన కాలేజీల్లో లెక్చరర్ లేడు, ల్యాబ్ లేదు, చివరికి ఉద్యోగం లేదు. బీటెక్ అన్న డెలివరీ బండి మీద తిరుగుతుంటే, ఇంటర్ తమ్ముడు చూస్తున్నాడు. తాత చూసినట్టే చూస్తున్నాడు.

సర్కారు ఉద్యోగం వైపు పోదామా? తెలంగాణ ఉద్యమం నినాదం నీళ్లు, నిధులు, నియామకాలు. రాష్ట్రం వచ్చింది 2014లో. మొదటి గ్రూప్-1 నోటిఫికేషన్ 2022లో, 503 పోస్టులకు. అక్టోబర్‌లో ప్రిలిమ్స్ రాశారు. పేపర్ లీక్ బయటపడి 2023 మార్చిలో రద్దు. జూన్‌లో మళ్లీ రాశారు. హైకోర్టు అదీ రద్దు చేసింది. 2024లో పాత నోటిఫికేషనే తీసేసి కొత్తది ఇచ్చారు. అశోక్‌నగర్ గదుల్లో, జిల్లా లైబ్రరీల్లో కూర్చున్నవాళ్లు ఎవరో మీకు తెలుసు. మీ అక్కలు, మీ అన్నలు. ఊళ్లో వాళ్ల అమ్మను పక్కింటామె అడుగుతుంది, "ఇంకా సదువుతనే ఉన్నడా నీ కొడుకు?" అని. ఆ ప్రశ్నలోంచే కదా మన పాత మాట మళ్లీ మొలకెత్తేది. ఒక పేపర్ లీక్ అయితే పోయేది ఒక పరీక్ష అనుకుంటాం. వేల ఇళ్లలో ఒక తరం కష్టపడి పెంచుకున్న నమ్మకం కూడా దాంతోపాటే పోతుంది.

చివరగా మళ్లీ న్యాల్‌కల్‌కే వద్దాం. ఎందుకంటే ఈ లెక్కలో తర్వాతి పంక్తి ఇప్పుడు అక్కడే రాస్తున్నారు. జహీరాబాద్ నిమ్జ్ పేరు వినే ఉంటారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 గ్రామాలు, 12,635 ఎకరాలు. పెద్ద పరిశ్రమల ప్రాంతం కోసం. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం దేశంలో 12 పారిశ్రామిక నగరాలను ఆమోదించినప్పుడు అందులో జహీరాబాద్ కూడా ఉంది. 3,245 ఎకరాలు, 2,361 కోట్ల రూపాయలు, లక్షా 74 వేల మందికి ఉపాధి అని అంచనా చెప్పారు. అదే ఏడాది న్యాల్‌కల్ మండలంలోనే డప్పూర్, మల్గి, వడ్డి రైతులు ఫార్మా కంపెనీల కోసం మా భూములు ఇవ్వం అని రోడ్డెక్కారు.

భూమి ఇవ్వాలా వద్దా అన్నది వేరే ఎపిసోడ్ అంత చర్చ. నేను ఇవాళ్టి విషయానికి పరిమితమై ఒకటే అడుగుతాను. ఆ ఫ్యాక్టరీలు వచ్చాక గేటు లోపల మెషీన్ దగ్గర, ల్యాబ్‌లో, ఆఫీసులో ఎవరు ఉంటారు? గేటు దగ్గర కర్ర పట్టుకుని, చీపురు పట్టుకుని ఎవరు ఉంటారు? భూమి పోయిన ఇంట్లోని ఐటీఐ పిల్లాడు, డిగ్రీ చదివిన పిల్ల లోపలికి వెళ్తే, చుట్టూ ఉన్న పదిహేడు గ్రామాల్లో చదువు గురించి ఎవరూ ప్రచారం చేయక్కర్లేదు. ఆ ఊళ్లే బడులను నిలబెడతాయి. అట్లా కాకుండా ఎక్కడో చదివినవాళ్లు బస్సుల్లో వచ్చి లోపలికి పోయి, ఇక్కడి పిల్లలు బయట నిలబడి వాచ్‌మెన్ డ్రెస్ వేసుకుంటే? నిచ్చెన అయిదోసారి గోడ మారినట్టే. అప్పుడు 2050లో ఎవరో ఒక తాత మనవడితో అదే మాట అంటాడు. అతను చూసిందే చెప్తాడు.

అందుకే, ఇది వింటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ముఖ్యంగా ఆ వైపు ఊళ్ల వాళ్లూ. భూమి గురించి గ్రామసభ పెట్టినప్పుడు ఎకరానికి ఎంత అని అడగడం ఒకటే సరిపోదు. ఏ ఉద్యోగాలు, ఏ చదువుకు, ఎంతమందికి, ట్రైనింగ్ ఎవరిస్తారు, ఎక్కడ ఇస్తారు, కాగితం మీద రాసి ఇస్తారా అని అడగండి. ఇప్పుడు కాగితం చదవగలిగేది మీరు. మీ తాతకు ఆ అవకాశం లేదు, ఆయన వేలిముద్ర వేశాడు. ఆయన మాటను వెక్కిరించకండి, అట్లాగని నెత్తిన పెట్టుకుని మోయకండి. ఆయన ఏం చూసి ఆ మాట అన్నాడో అడిగి తెలుసుకోండి. మీ వాడలో బడికి పోయి నౌకరీ తెచ్చుకున్న మొదటి మనిషి ఎవరు, ఏ ఏడాది, ఎట్లా పోగలిగారు? ఇంట్లో పెద్దవాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడిగి, వాళ్లు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి పెట్టుకోండి. పుస్తకాల్లో దొరకని చరిత్ర అది.